బిడ్డ పొరుగు రాష్ట్రంలో, మీరు బెంగళూరులో: క్షేమం గురించి దిగులు కలిగినప్పుడు ఏం చేయవచ్చు

విడాకుల తరువాత బిడ్డ కస్టడీ ఒకరికి దక్కి, రెండోవారు ఉద్యోగం కోసం బెంగళూరులోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవే అరడజను ఉన్నాయి. మాదీ వాటిలో ఒకటి. మా అమ్మాయి కాకినాడలో వాళ్ల అమ్మ దగ్గర పెరుగుతోంది, నేను కె.ఆర్.పురంలో ఉంటాను. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా ప్రయాణం చేశాక గానీ బిడ్డ ముఖం కనబడదు. ఇంత దూరం నుంచి ఫోనులో ఒక మాట తేడాగా వినిపించినా గుండె జారిపోతుంది. అటువంటప్పుడు ఏ తలుపు తట్టాలో, ఏ కాగితం ముందు పెట్టుకోవాలో, ఏ పని చేయకూడదో నేను వకీళ్ల దగ్గర, కోర్టు వరండాల్లో నేర్చుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. మీ కేసులోని మెలికలకు వకీలు సలహా తప్పనిసరి.

ముందుగా ఒక సంగతి మనసుకు పట్టించుకోవాలి. బిడ్డ ఉన్న జిల్లాలోని పోలీసు స్టేషను, అక్కడి బాలల సంక్షేమ కమిటీ, చాలా సందర్భాల్లో అక్కడి కోర్టే మీకు పనికి వస్తాయి. బెంగళూరులో మీకు ఎంత పలుకుబడి ఉన్నా అది కర్ణాటక సరిహద్దు దాటి పనిచేయదు. కాబట్టి దిగులు పుట్టక ముందే ఆ జిల్లాలోని ఫోను నంబర్లు, మనుషులు మీ చేతిలో ఉండాలి.

ప్రమాదం ఇప్పుడే ఉందనిపిస్తే

బిడ్డను కొడుతున్నారని, తిండి పెట్టకుండా గదిలో పెట్టారని, తాగి ఉన్న మనిషి దగ్గర ఒంటరిగా వదిలేశారని మీకు నమ్మదగిన సమాచారం అందితే వాదనలు, సందేశాలు పక్కన పెట్టి నేరుగా ఫోను చేయాలి. పిల్లల సహాయానికి 1098, పోలీసులకు 112. 2023 నుంచి 1098 సేవ రాష్ట్ర ప్రభుత్వాల మహిళా శిశు సంక్షేమ శాఖల చేతికి వచ్చి 112తో అనుసంధానమైంది. ఇక్కడ దూరంగా ఉన్నవారికి ఒక చిక్కు ఉంది. బెంగళూరు నుంచి 112 నొక్కితే ఆ పిలుపు కర్ణాటక కేంద్రానికే వెళుతుంది. అందుచేత నోరు తెరవగానే బిడ్డ ఏ రాష్ట్రంలో, ఏ జిల్లాలో, ఏ పోలీసు స్టేషను పరిధిలో ఉందో చెప్పాలి. బిడ్డ పేరు, వయసు, ఇంటి గుర్తులు ఆ తరువాత. ఇంతకన్నా మంచి మార్గం, అక్కడే పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక బంధువో స్నేహితుడో అక్కడి నుంచే 112కు ఫోను చేయడం. బిడ్డ ఇంటికి దగ్గరలోని స్టేషను నంబరును, జిల్లా పోలీసు కంట్రోల్ రూము నంబరును ఫోనులోనే కాక ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. అర్ధరాత్రి వణికే చేతులతో వెతికితే దొరకవు.

జరిగినది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమైతే మీరు బెంగళూరులోని స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారాన్ని నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఇక్కడ నమోదు చేసి అక్కడి స్టేషనుకు పంపుతారు. ‘మా పరిధి కాదు’ అన్న జవాబు వస్తే ఈ సెక్షను పేరు నెమ్మదిగా, మర్యాదగా చెప్పండి. లైంగిక వేధింపుల అనుమానం ఉంటే పోక్సో చట్టం 19వ సెక్షను కింద పోలీసులకు తెలియజేయడం మీ ఇష్టానికి వదిలిన విషయం కాదు, తెలిసీ చెప్పకపోవడం నేరం. అదే చట్టంలోని 24వ సెక్షను బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డకు నచ్చిన చోటో తీసుకోవాలని, ఆ అధికారి యూనిఫారంలో ఉండకూడదని చెబుతుంది. బిడ్డను స్టేషను చుట్టూ తిప్పుతారేమోనన్న భయంతో వెనక్కి తగ్గేవారికి ఈ సంగతి తెలియాలి.

ఫోను తరువాత రాతపూర్వకంగా ఒక ఫిర్యాదును జిల్లా బాలల సంక్షేమ కమిటీకి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పంపండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద ప్రతి జిల్లాలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులతో ఈ కమిటీ ఉంటుంది. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలని చట్టమే నిర్దేశించింది. బిడ్డను చూసుకుంటున్న మనిషే, అతడు సంరక్షకుడైనా సరే, గాయపరిచినా నిర్లక్ష్యం చేసినా ఆ బిడ్డ ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ’ అన్న నిర్వచనం కిందికి వస్తుంది. అంటే కస్టడీ ఉన్న తల్లి లేదా తండ్రి మీద కూడా కమిటీ విచారణ జరపగలదు. అయితే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. కమిటీ బిడ్డ భద్రతను చూస్తుందే తప్ప తల్లిదండ్రుల మధ్య కస్టడీ తగవును తీర్చదు, అది కోర్టు పని. కాబట్టి బిడ్డను తెచ్చి మీకు అప్పగిస్తారన్న ఆశతో ఫిర్యాదు చేయకండి. పిలుపు వస్తే మాత్రం కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, మీ గుర్తింపు పత్రాలు, ఇంటి చిరునామా రుజువు పట్టుకుని ఆ రోజే బయలుదేరండి. దూరాన ఉన్నందువల్ల రాలేకపోయానన్న మాట రికార్డులో పడితే అది మీకు మేలు చేయదు.

ప్రమాదం కాదు గానీ మనసు కుదుటపడనప్పుడు

నిజానికి మన దిగుళ్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే. బిడ్డ చిక్కిపోయింది, బడికి సరిగా వెళ్లడం లేదు, కంటి అద్దాలు విరిగి నెల అయినా కొత్తవి రాలేదు, ఫోనులో ఎవరో పక్క నుంచి మాటలు అందిస్తున్నట్టు ఉంది. ఇవి నిర్లక్ష్యం కావచ్చు, మామూలు సంసారపు ఒడిదుడుకులు కావచ్చు. దూరం నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నాకు జరిగినది చెబుతాను. ఒక ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో మా అమ్మాయి మెడ మీద, చెవి కింద నాలుగైదు ఎర్రటి మచ్చలు కనిపించాయి. గోక్కోబోయి చెయ్యి సగంలో ఆపేసుకుంది. ‘ఏమైందమ్మా?’ అంటే పక్కకు చూసి ‘ఏం లేదు నాన్నా’ అంది, కాల్ తెగిపోయింది. తరువాత రెండు రోజులు ఫోను లేదు. అవి కాల్చిన గుర్తులని నేను ఖాయం చేసుకుని, అర్ధరాత్రి వాళ్ల అమ్మకు రాయకూడని మాటలన్నీ కూర్చి పొడవాటి వాట్సాప్ సందేశం పంపాను. మూడో రోజు పొద్దున అత్తయ్యగారు ఫోను చేశారు. ‘పాపకి అమ్మవారు పోసింది బాబూ. మీరు కంగారు పడతారని చెప్పలేదు, ఫోన్లు అవీ వద్దని నేనే అన్నాను’ అన్నారు. వేపాకు పరిచిన మంచం మీద పడుకున్న ఫొటో కూడా పంపించారు. ఏడాది తరువాత నేను వేసిన పిటిషనుకు జవాబుగా వచ్చిన కౌంటరులో నా అర్ధరాత్రి సందేశం జతపరచిన కాగితాలలో మొదటిదిగా కనబడింది.

అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టాను. తేదీ, సమయం, చూసినది, విన్నది, నేను అనుకున్నది అన్న గడులు వేరువేరుగా గీసుకున్నాను. ‘మెడ మీద ఎర్రటి మచ్చలు అయిదు, గోక్కోబోయి ఆపుకుంది’ అన్నది చూసిన గడిలోకి వెళుతుంది. ‘కాల్చారేమో’ అన్నది చివరి గడిలోనే ఉండాలి. కమిటీకో కోర్టుకో ఫిర్యాదు రాసేటప్పుడు చివరి గడిని మూసిపెట్టి మిగిలినవాటి నుంచే రాయండి. మీ మాటకు బలం అక్కడే వస్తుంది. స్క్రీన్‌షాట్లు, వాయిస్ మెసేజీలు ఉన్న అసలు ఫోనును అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ అడుగుతారు. ఫ్యామిలీ కోర్టులకు సాక్ష్యం విషయంలో ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షను కొంత వెసులుబాటు ఇచ్చినా దాని మీదే భారం వేయడం తెలివైన పని కాదు.

బిడ్డను మాత్రం ప్రశ్నలతో పొడవకండి. ‘అమ్మ కొట్టిందా?’ అని అడిగితే జవాబు ఏదైనా బిడ్డ ఇరుక్కుంటుంది, పైగా రేపు ఎవరో అధికారి అడిగినప్పుడు ఆ జవాబు మీరు నేర్పినదన్న అనుమానం వస్తుంది. ‘ఇవాళ ఏం చేశావు, ఎవరితో ఆడుకున్నావు, అన్నంలోకి ఏం వండారు’ అన్న ప్రశ్నలు చాలు. వారం రోజుల కూరల జాబితా ఒక ఇంటి పరిస్థితిని ఎంత చెబుతుందో విన్నవారికే తెలుస్తుంది.

తరువాత కస్టడీ ఉన్నవారినే అడగాలి. రాతలో, ఒక సందేశంలో ఒకే విషయం, నింద లేకుండా, జవాబుకు గడువుతో అడగాలి. ‘పాప కళ్లజోడు విరిగి నెల అయినట్టు తెలిసింది. కొత్తది చేయించడానికి డబ్బు ఈ రోజే పంపగలను. ఆదివారం లోపు చెప్పండి’ అన్నది చాలు. జవాబు వస్తే పని అయినట్టే, రాకపోతే మీరు అడిగారన్న రుజువు మిగులుతుంది. మన ఇళ్లలో ఇంకా మాట చెల్లే పెద్దమనిషి ఎవరో ఒకరు ఉంటారు. మేనమామో, పిన్నో, రెండు వైపులా రాకపోకలు ఉన్న పొరుగువారో. వారిని పంచాయతీకి పిలవకుండా, ఊరికే వెళ్లి బిడ్డను చూసి రమ్మనండి. అధికారి ఎవరూ గమనించని సంగతులను ఒక పిన్ని పావుగంటలో గమనిస్తుంది.

బడి సంగతి కొంచెం చిక్కైనది. కస్టడీ పోయినంత మాత్రాన తండ్రికో తల్లికో బిడ్డతో ఉన్న చట్టబంధం తెగిపోదు, అయినా ప్రధానోపాధ్యాయులు తగవులో ఇరుక్కోవడానికి భయపడి ‘కోర్టు ఆర్డరు ఉందా?’ అని అడుగుతారు. స్పీడ్ పోస్టులో లేఖ రాసి హాజరు వివరాలు, ప్రోగ్రెస్ కార్డు నకలు మాత్రమే అడగండి. బిడ్డను బయటికి పంపమని, మాట్లాడించమని అడగకండి. దెబ్బలు పడుతున్నది బడిలోనే అయితే దారి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. అటువంటి ఫిర్యాదులకు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తగిన చోటు, రుసుమేమీ ఉండదు. కోర్టులో నడుస్తున్న తగవులను మాత్రం కమిషన్లు చేపట్టవు.

ఏ కోర్టు, ఏమి అడగాలి

మతం ఏదైనా వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షను ప్రకారం బిడ్డ సాధారణంగా ఎక్కడ నివసిస్తోందో అక్కడి కోర్టుకే అధికార పరిధి ఉంటుంది. ఫ్యామిలీ కోర్టు లేని చోట జిల్లా కోర్టు చూస్తుంది. అయితే మీ విడాకులు, కస్టడీ ఉత్తర్వు బెంగళూరు ఫ్యామిలీ కోర్టులోనే హిందూ వివాహ చట్టం కింద జరిగి ఉంటే, ఆ చట్టం 26వ సెక్షను అదే కోర్టుకు తన ఉత్తర్వును తరువాత కూడా మార్చే అధికారం ఇచ్చింది. ఎక్కడ వేయాలన్నది వకీలుతో కూర్చుని తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న. తప్పు చోట వేస్తే పరిధి మీద వాదనలతోనే వాయిదాలు గడిచిపోతాయి. ఇక ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కేసు బదిలీ కావాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షను కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి, ప్రయాణం కష్టమన్న ఒక్క కారణానికి అంత దూరం పోవడం మీద నాకు నమ్మకం లేదు.

ఏమి అడగాలన్నది ఇంకా ముఖ్యం. కోపంతో వచ్చేవారు మొదటి పేజీలోనే కస్టడీ మార్చమంటారు. ఒకసారి స్థిరపడిన బిడ్డను కదిలించడానికి ఏ జడ్జీ తేలిగ్గా ఒప్పుకోరు. కోర్టు చూసేది బిడ్డ సంక్షేమమే, తల్లిదండ్రుల హక్కులు దాని తరువాతే. కాబట్టి దిగులుకు సరిపడే చిన్న కోరికలు అడగండి. నిర్ణీత వేళకు రోజూ వీడియో కాల్, బడి రికార్డులు నేరుగా పొందే అనుమతి, ఆసుపత్రిలో చేర్చితే 24 గంటల్లో తెలియజేయాలన్న షరతు, ఇల్లు మారితే చిరునామా ఇవ్వాలన్న షరతు, అవసరమైతే బిడ్డకు వైద్య పరీక్ష. ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షను కింద వైద్యుల, సంక్షేమ నిపుణుల సాయం కోర్టు తీసుకోగలదు. నిపుణులు ఇంటికి వెళ్లి చూసి ఇచ్చే నివేదిక మీ పది అఫిడవిట్ల కన్నా బరువైనది, అది మీకు ప్రతికూలంగా రావచ్చునని తెలిసే అడగండి.

వీడియో కాల్ కోరికకు గట్టి ఆధారం ఉంది. రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ముఖ్యంగా తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాల్లోనో దేశాల్లోనో ఉన్నప్పుడు, బిడ్డను కలిసే హక్కుతో పాటు బిడ్డతో మాట్లాడే హక్కు కూడా ముఖ్యమని చెప్పింది. ప్రత్యేక కారణాలు లేకపోతే కస్టడీ దక్కనివారు రోజుకు 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడగలగాలని పేర్కొంది. వకీలుకు ఈ వివరం చెబితే తీర్పు వెతికి జతచేస్తారు. మా ఉత్తర్వులో రాత్రి 7.30కి పది నిమిషాలని రాయించుకున్నాము. వేళ రాయించడం ముఖ్యం, ‘తగిన సమయంలో’ అని ఉంటే ఏ సమయమూ తగదు.

కాగితాల గురించి రెండు మాటలు. కర్ణాటకలో పుట్టిన కాగితాలు కన్నడంలో ఉంటే వాటికి తెలుగులోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించి పట్టుకెళ్లండి. కోర్టు ఉత్తర్వుకు సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు ముందే తీయించి పెట్టుకోండి, జెరాక్సు చూపిస్తే అక్కడి ఎస్సై తల అడ్డంగా ఊపుతారు. వకీలు ఫీజు భరించలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది, మిగిలినవారిలో చాలామందికి ఆ రాష్ట్రపు ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

ఉత్తర్వును రెండోవారు పాటించకపోతే అమలు పిటిషను, అవసరమైతే కోర్టు ధిక్కారం ఉన్నాయి. ఒకసారి కాల్ రాకపోవడానికి కాదు, నోటు పుస్తకంలో పది పన్నెండు తేదీలు పోగయ్యాక వేయండి. బిడ్డను అప్పగించమన్న ఉత్తర్వును ధిక్కరించినవారికి 1890 నాటి ఆ చట్టం 45వ సెక్షనులో 100 రూపాయల వరకు జరిమానా రాసి ఉంది. చదివి నవ్వకండి, దాని పక్కనే బిడ్డను తెస్తానని హామీ ఇచ్చే వరకూ సివిల్ జైలు అన్న మాట కూడా ఉంది.

హెబియస్ కార్పస్ (పట్టి ఉంచిన మనిషిని తన ముందు హాజరుపరచమని కోర్టు ఇచ్చే ఆదేశం, అంటే రిట్) గురించి అందరూ అడుగుతారు. బిడ్డను ఎక్కడ ఉంచారో చెప్పకుండా దాచినా, ఏ హక్కూ లేని మనిషి తన దగ్గర అట్టిపెట్టుకున్నా హైకోర్టు తలుపు తట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో, తెలంగాణకు హైదరాబాదులో. బిడ్డను పట్టి ఉంచడం చట్టవిరుద్ధమైనప్పుడే కస్టడీ విషయాల్లో ఈ రిట్ నిలుస్తుందని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. కోర్టు ఉత్తర్వుతోనే బిడ్డను ఉంచుకున్నవారి మీద, బాగా చూడడం లేదన్న కారణంతో వేస్తే అది నిలిచే అవకాశం తక్కువ.

చేయకూడనివి

శనివారం చూడడానికి వెళ్లి బిడ్డను బెంగళూరు బస్సు ఎక్కించేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఎంత మంచి కారణం ఉన్నా ఆ రోజు నుంచి కోర్టులో సమాధానం చెప్పుకోవలసింది మీరే అవుతారు. దిగులుతో మనోవర్తి ఆపడం రెండో తప్పు. ఆగిపోయేది బిడ్డ ఫీజు, మందులే, పైగా బకాయి కేసు అదనం. ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం మూడోది. విచారణలో ఉన్న బిడ్డ గుర్తింపు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టమూ, పోక్సో చట్టమూ రెండూ నిషేధించాయి. కక్షతో తెలిసీ తప్పుడు పోక్సో ఫిర్యాదు ఇస్తే 22వ సెక్షను కింద శిక్ష ఉంది. నిజాయితీగా ఇచ్చిన సమాచారానికి మాత్రం చట్టం రక్షణ ఇచ్చింది, కాబట్టి ఆ భయంతో నిజమైన అనుమానాన్ని మింగేసుకోవద్దు.

చివరిగా కాలం లెక్క. వేసవి సెలవులను బిడ్డతో గడపాలన్న పిటిషనును ఏప్రిల్ నెలాఖరులో వేసేవారిని నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. నోటీసు అవతలివారికి అంది, వారు కౌంటరు వేసే లోపే మే నెల కోర్టు సెలవులు వచ్చేస్తాయి, సెలవు కోర్టు అత్యవసరమైనవే తీసుకుంటుంది. వేసవికి ఫిబ్రవరిలో, దసరాకు ఆగస్టులో పిటిషను దాఖలు చేయండి, రైలు టిక్కెట్టును మాత్రం ఉత్తర్వు చేతికి వచ్చాకే తీయండి.